గెకో కన్ను తెరవడం లేదా? ఇంట్లో మీరు చేయవలసినవి, డాక్టరుకు వదిలేయవలసినవి

గెకో అంటే బల్లి జాతి ప్రాణి. పెంపుడు గెకోకు కంట్లో నొప్పి పుడితే అది మూలగదు, అరవదు. కన్ను మూసుకుని తన గూట్లో పడుకుంటుంది. వేట కనబడదు కాబట్టి తిండి మానేస్తుంది. పగలంతా దాక్కుని ఉండే ప్రాణి కావడంతో రెండు మూడు రోజులు గడిచేదాకా ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. తీరా చూశాక కంగారుపడి, ఇంట్లో మందుల డబ్బాలో ఏ కంటి చుక్కలు కనిపిస్తే అవి వేసేస్తారు. నయమయ్యే కన్ను చాలాసార్లు అక్కడే చెడిపోతుంది.

అమెరికా, కెనడా, బ్రిటన్‌లలోని తెలుగు ఇళ్లలో పిల్లలు పట్టుబట్టి తెచ్చుకునే ప్రాణుల్లో లెపర్డ్ గెకో ఒకటి. చవకగా దొరుకుతుంది, చిన్న పెట్టెలో ఇమిడిపోతుంది, సరిగా చూసుకుంటే పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. దాని సంరక్షణ చివరికి పిల్లల చేతిలోంచి పెద్దల చేతికి వస్తుంది. ఆ పెద్దల కోసమే ఇది రాస్తున్నాను. ప్రధానంగా లెపర్డ్ గెకో గురించి చెబుతాను. రెప్పలు లేని గెకోలకు పద్ధతి ఎక్కడ మారుతుందో అక్కడ విడిగా చెబుతాను.

ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. గెకోల కంటి జబ్బులు చాలావరకు అది ఉండే పెట్టెలో, తినే తిండిలో మొదలవుతాయి. వేడి చాలకపోవడం, గాలిలో తడి చాలకపోవడం, విటమిన్ ఎ తగ్గడం, రెప్పల కింద ఇసుక చేరడం. వీటిని సరిచేయకుండా కంట్లో ఎంత మందు పోసినా జబ్బు మళ్లీ తిరిగి వస్తుంది.

1. మీ గెకోకు రెప్పలు ఉన్నాయో లేవో తేల్చుకోండి

లెపర్డ్ గెకోకు, ఆఫ్రికన్ ఫ్యాట్ టెయిల్డ్ గెకోకు మన లాగే కదిలే కనురెప్పలు ఉంటాయి. రెప్ప ఆర్పుతాయి, నిద్రపోయేటప్పుడు కళ్లు మూసుకుంటాయి. అందుకే వీటిలో రెప్ప కింద చెత్త చేరడం, కుబుసం ముక్క ఇరుక్కోవడం, రెప్పలు అతుక్కుపోవడం ఎక్కువ.

క్రెస్టెడ్ గెకో, గార్గాయిల్ గెకో, టోకే గెకో, పగటి గెకోలు, మన ఇంటి గోడ మీద తిరిగే బల్లి, వీటికి కదిలే రెప్పలు లేవు. కంటి మీద పారదర్శకమైన పొర ఒకటి స్థిరంగా ఉంటుంది. నాలుకతో కన్ను నాకి శుభ్రం చేసుకుంటాయి. అది జబ్బు లక్షణం కాదు, వాటి దినచర్య. ఒళ్లంతా కుబుసం విడిచేటప్పుడు ఆ పొర పైభాగం కూడా ఊడి వస్తుంది.

ఈ తేడా తెలియకపోతే పెద్ద ప్రమాదం ఉంది. లెపర్డ్ గెకో రెప్ప అంచున వేలాడే కుబుసం ముక్కను తడి దూదితో మెల్లగా తీయవచ్చు. క్రెస్టెడ్ గెకో కంటి మీద ఏదో పొర కనిపించిందని లాగితే, ఆ కంటిని కాపాడే పొరే ఊడి కన్ను పోవచ్చు.

2. చేయి పెట్టే ముందు బాగా చూడండి

సాయంత్రం దీపాలు తగ్గించిన వేళ, అది తనంతట తాను బయటికి వచ్చినప్పుడు చూడండి. టార్చి నేరుగా కంట్లోకి వేయకండి. ఫోనుతో రెండు కళ్లనూ విడివిడిగా, దగ్గరగా ఫొటో తీయండి. రేపు పోల్చుకోవడానికి, ఎల్లుండి డాక్టరుకు చూపించడానికి ఆ ఫొటోలే ఆధారం.

మొదట గమనించవలసింది ఒక కన్నా, రెండు కళ్లా అన్నది. ఒక్క కన్ను మాత్రమే మూసుకుంటే అందులో ఇసుక రేణువో, కొబ్బరి పీచు పోగో పడి ఉండవచ్చు. పెట్టెలో వదిలేసిన కీచురాయి కొరికి ఉండవచ్చు, కుబుసం ఇరుక్కుని ఉండవచ్చు. రెండు కళ్లూ ఒకేసారి ఇబ్బంది పడితే విటమిన్ ఎ లోపం, గాలి మరీ పొడిగా ఉండటం, కొత్తగా పెట్టిన దీపం వెలుగు, లేదా ఒంట్లో మరో జబ్బు వైపు అనుమానం పోవాలి. ఇది మొదటి అంచనాకే పనికొస్తుంది, తీర్పు మాత్రం డాక్టరుదే.

తర్వాత రెప్పలు చూడండి. వాచాయా? అంచున తెల్లగా, కాగితంలా ఎండిన చర్మం ఉందా? పుసి కడుతోందా? కన్ను తెరిచినప్పుడు నల్లగుడ్డు నిగనిగలాడుతోందా, లేక పువ్వు వేసినట్టు తెల్లగా, నీలంగా మసకబారిందా? ముఖాన్ని రాళ్లకూ గూటి అంచుకూ రుద్దుకుంటోందా? కాలివేళ్ల చివరల్లో పాత కుబుసం ఉంగరాల్లా మిగిలిపోయిందా? వేళ్ల దగ్గర మిగిలిందంటే కళ్ల దగ్గరా మిగిలి ఉండే అవకాశం ఎక్కువ.

ఆల్బినో రకాలను, అంటే ఒంట్లో నల్ల రంగు లేకుండా పుట్టేవాటిని, పెంచేవారికి ఒక విషయం. ట్రెంపర్, బెల్, రెయిన్‌వాటర్ అని పిలిచే ఆల్బినో గెకోల కళ్లు ఎక్కువ వెలుగును ఓర్చుకోలేవు. ప్రకాశవంతమైన దీపం కింద అవి కళ్లు చికిలించడం మామూలే. దీపం ఆర్పి, గది మసక చేసి, అరగంట తర్వాత చూడండి. కళ్లు చక్కగా విప్పి తిరుగుతుంటే ఆ దీపాన్ని మార్చండి, అంతకు మించి భయపడనక్కర్లేదు. చీకట్లో కూడా మూసుకునే ఉంటే అది జబ్బే.

చివరగా తూకం వేయండి. వంటింట్లో వాడే గ్రాముల తూకం చాలు, కానీ దీనికోసం వేరేది కొనడం మంచిది. పెద్ద లెపర్డ్ గెకో సాధారణంగా 50 నుంచి 80 గ్రాములు ఉంటుంది. మీకు కావలసింది ఆ సగటు కాదు, మీ గెకో పాత బరువు. 60 గ్రాములుండేది 54కు దిగిందంటే పదో వంతు పోయినట్టు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. తోక లావు తగ్గిందేమో కూడా చూడండి, అది కొవ్వు దాచుకునేది అక్కడే.

ఆగకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లవలసిన సందర్భాలు

కనుగుడ్డు బయటికి పొడుచుకు రావడం, రక్తం కనిపించడం, నల్లగుడ్డు మీద తెలుపు లేదా నీలం మసక, రెప్ప కింద గట్టి ఉబ్బు, దవడ లేదా నోటి వాపు, రెండు కళ్లూ మూసుకుపోయి బరువు తగ్గడం, ఒళ్లు సోలిపోయి కదలకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కింద చెప్పే కడగడాలు, నానబెట్టడాలు మొదలుపెట్టకండి. గెకోను చిన్న డబ్బాలో మెత్తని కాగితం వేసి పెట్టి, చలి తగలకుండా తీసుకెళ్లండి. పిల్ల గెకో విషయంలో ఇంకా తొందరపడాలి, దానికి తోకలో నిల్వ తక్కువ.

3. పెట్టెను సరిచేయండి

కంటిని ముట్టుకోకముందే ఈ పని చేయండి. పెట్టెలోని ఇసుక, కొబ్బరి పొట్టు, చెక్క పొట్టు అన్నీ తీసేసి తెల్లని పేపర్ టవల్ పరచండి. కాల్షియం ఇసుక అని అమ్మేది కూడా తీసేయాలి. పేరులో కాల్షియం ఉన్నంత మాత్రాన కంట్లో పడితే గుచ్చుకోకుండా ఉండదు. కాగితం వేయడంలో ఇంకో లాభం ఉంది: మలం, రక్తం, పుసి మరక ఏది పడినా వెంటనే కనిపిస్తుంది.

వదిలేసిన కీచురాళ్లు ఉంటే ఒక్కటీ మిగలకుండా పట్టి తీసేయండి. కన్ను కనబడని గెకోను రాత్రి పూట అవి కొరుకుతాయి.

ఇక వేడి. సరీసృపం తన ఒంటి వేడిని బయటినుంచే తెచ్చుకుంటుంది. ఒళ్లు చల్లబడితే జీర్ణం మందగిస్తుంది, రోగంతో పోరాడే శక్తి తగ్గుతుంది, డాక్టరు ఇచ్చిన మందు కూడా సరిగా పనిచేయదు. వేడి వైపు గూటి లోపల నేల 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి, అంటే సుమారు 90 ఫారన్‌హీట్. చల్లని వైపు 22 నుంచి 26 డిగ్రీలు చాలు. హీట్ మ్యాట్‌కైనా దీపానికైనా వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి. గాజుకు అతికించే గుండ్రని మీటర్లను నమ్మకండి. సెన్సార్ తీగ ఉన్న డిజిటల్ థర్మామీటర్ కొని, ఆ సెన్సార్‌ను గెకో పడుకునే చోటే పెట్టండి. టొరంటో, షికాగో వంటి చోట్ల చలికాలంలో ఇంటి హీటర్ గాలిని బాగా ఎండగడుతుంది. కుబుసం ఇరుక్కోవడానికి అది చాలు.

దానికి విరుగుడు తడి గూడు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు గెకో దూరేంత రంధ్రం చేసి, అంచులు గరుకు లేకుండా అరగదీసి, లోపల తడిపి పిండిన స్ఫాగ్నం నాచు లేదా పేపర్ టవల్ వేయండి. వేడి వైపుకీ మధ్యకీ నడుమ పెట్టండి. పెట్టె మొత్తం గాలిలో తడి 30 నుంచి 40 శాతం ఉన్నా, ఈ గూటి లోపల 70 శాతం దాటాలి. రోజూ చేయి పెట్టి చూసి తడపండి, నాచు బూజు పట్టకుండా వారం వారం మార్చండి. గెకో పెంచే ఇంట్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే వస్తువు మరొకటి లేదు. జబ్బు ఉన్నా లేకపోయినా ఇది ఏడాది పొడవునా ఉండాలి.

కంటి సమస్య మొదలవడానికి కాస్త ముందు కొత్త యూవీబీ దీపం, అంటే అతినీలలోహిత కిరణాలు ఇచ్చేది, పెట్టారేమో గుర్తు చేసుకోండి. మరీ బలమైనదో, మరీ దగ్గరగా బిగించినదో అయితే కళ్లు ఎర్రబడి, వాచి, మూసుకుపోతాయి. నయమయ్యేదాకా దాన్ని ఆర్పేయండి. తర్వాత తక్కువ శక్తి గల పొడవాటి ట్యూబు రకాన్ని, తయారీదారు చెప్పిన దూరంలో పెట్టుకోండి.

4. తడి ఇవ్వడం, కడగడం

దీనికి కావలసినవి: మామూలు స్టెరైల్ (క్రిములు లేని) సెలైన్, అంటే 0.9 శాతం సోడియం క్లోరైడ్ ద్రావణం, నిల్వకారకాలు కలపనిది. ఒక్కసారికి వాడి పారేసే చిన్న గొట్టాల్లో దొరికేది అన్నింటికన్నా మంచిది. మెత్తని దూది పుల్లలు, శుభ్రమైన మెత్తటి గుడ్డ, గాలి రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ డబ్బా. కాంటాక్ట్ లెన్సులు శుభ్రం చేసే ద్రావణాన్ని సెలైన్ అనుకోకండి. దానిలో క్రిమిసంహారకాలు ఉంటాయి. ఇంట్లో ఉప్పునీళ్లు కలపడమూ వద్దు, ఉప్పు పాళ్లు తప్పితే కన్ను మండిపోతుంది.

మొదట ఆవిరి డబ్బా. డబ్బా అడుగున గోరువెచ్చని నీటిలో తడిపిన పేపర్ టవల్ పరచి, గెకోను అందులో పెట్టి, మూత వేసి 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. లోపల 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. మీ చేతికి వెచ్చగా అనిపించే నీరు గెకోకు వేడెక్కువ కావచ్చు, కాబట్టి థర్మామీటర్‌తో చూడండి. డబ్బాను వదిలి వేరే పనికి వెళ్లకండి. నీటిలో నిలబెట్టి నానబెట్టే పద్ధతి కూడా ఉంది కానీ కళ్లు కనబడని ప్రాణి నీటిలో బెదిరిపోతుంది. తడి కాగితమే నాకు నచ్చిన దారి.

చర్మం మెత్తబడ్డాక కడగండి. బల్ల మీద గుడ్డ పరచి, దాని మీదే చేయండి, చేయి జారినా కింద పడదు. గెకో ఒంటిని గుడ్డలో వదులుగా చుట్టి, తల మాత్రం బయట ఉంచి, దవడకు రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలు ఆనించండి. నొక్కవద్దు. తోకను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పట్టుకోకండి. భయపడితే లెపర్డ్ గెకో తోక తెంపేసుకుంటుంది, జబ్బు రోజుల్లో అది దాచుకున్న ఆహారమంతా దాంతోనే పోతుంది.

సెలైన్‌ను గది వేడికి తెచ్చి, ముందునుంచి కాకుండా పక్కనుంచి, రెప్పల మధ్య సందులోకి రెండు మూడు చుక్కలు జారనివ్వండి. ఎదురుగా డ్రాపర్ కనిపిస్తే అది బెదిరి తల విదిలిస్తుంది. గొట్టం కొన కంటికి తగలకూడదు. ఒక నిమిషం ఆగండి. చాలాసార్లు ఈ తడికే అది తనంతట రెప్ప ఆర్పుతుంది, నాలుకతో ముఖం నాకుతుంది, లోపలి నలక బయటికి జారుతుంది. తర్వాత సెలైన్‌లో తడిపిన దూది పుల్లను రెప్ప అంచు వెంట ముక్కు వైపునుంచి వెనక్కి దొర్లించండి, రుద్దకండి. కుబుసం కొస బయటికి వేలాడుతుంటే ఆ పుల్లకు చుట్టుకుని వస్తుంది. రాకపోతే అక్కడితో ఆపండి, సాయంత్రం మళ్లీ చేయవచ్చు. పట్టకారు, గోరు, టూత్‌పిక్ కంటి దరిదాపులకు రాకూడదు. రెప్పను వేళ్లతో బలవంతంగా విప్పకూడదు.

ఇలా రోజుకు రెండుసార్లు, ఒకటి రెండు రోజులు. ఇరుక్కున్నది ఉత్త నలకో, పలుచని కుబుసం పొరో అయితే ఈలోగా కన్ను తెరుచుకోవాలి. 48 గంటల్లో తేడా కనిపించకపోతే ఇంటి వైద్యం గడువు తీరినట్టే. పుసి పెరుగుతున్నా, వాపు వస్తున్నా ఆ గడువు కోసం కూడా ఆగకండి.

పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. సరీసృపాల మలంలో సాల్మొనెల్లా క్రిమి ఉండవచ్చు. వంట సింకులో డబ్బాలు కడగవద్దు. ఐదేళ్లలోపు పిల్లలకు ఈ పనులు అప్పగించవద్దు.

రెప్పలు లేని గెకోలకు

క్రెస్టెడ్ గెకో కంటి పొర మసకగా, ముడతలుగా కనిపిస్తే పాత పొర ఊడలేదని అర్థం కావచ్చు. రాత్రి పూట నీళ్లు చల్లి తడి 70, 80 శాతానికి పెంచండి, పగటికి 50 దగ్గరికి ఆరనివ్వండి. కంటి మీద సెలైన్ చుక్క వేయవచ్చు. అంతే, మరేమీ చేయవద్దు. తర్వాతి కుబుసంతో పాత పొర కూడా ఊడిపోతుందేమో చూడండి. కన్ను బుడగలా ఉబ్బినా, పొర కింద తెల్లగా పేరుకున్నా అది ఇంటి వైద్యానికి లొంగదు. ఆ పొర కింది చోటు సన్నని నాళం ద్వారా నోటితో కలిసి ఉంటుంది. నోటి పుండు నుంచి క్రిములు పైకి ఎక్కితే అక్కడ చీము పడుతుంది. డాక్టరు నోరు కూడా చూసి వైద్యం చేయాలి.

5. కంట్లో వేయకూడనివి

మన ఇళ్లలో కంటికి చేసే వైద్యాలు చాలా ఉన్నాయి. నందివర్ధనం పూల రసం, చనుబాలు, ఆముదపు చుక్క, పన్నీరు, తేనె, త్రిఫల కషాయం. అమ్మమ్మలు ప్రేమతో చెప్పినవే. గెకో కంటికి మాత్రం వీటిలో ఏదీ వద్దు. నూనె రెప్పలను అంటిపెట్టుకుని చెత్తను పట్టేస్తుంది. తీపి, పాలు క్రిములకు ఆహారమవుతాయి. పువ్వుల రసం స్టెరైల్ కాదు. పసుపు నీళ్లు, వేప నీళ్లు కూడా ఇంతే.

వీటికన్నా ప్రమాదం మన మందుల షాపు చుక్కలు. కన్ను ఎరుపు తగ్గిస్తాయని అమ్మే చుక్కలు రక్తనాళాలను బిగించేవి. అరవై గ్రాముల ప్రాణిలో ఆ మందు ఒంట్లోకి ఎంత చేరుతుందో మీరు లెక్కగట్టలేరు. ఇక స్టెరాయిడ్ కలిసిన చుక్కలు: డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అని సీసా మీద ఉంటుంది. నల్లగుడ్డు మీద గీత పడి ఉంటే స్టెరాయిడ్ ఆ పుండును మాననివ్వదు, లోతు చేస్తుంది. చిక్కు ఎక్కడంటే, డాక్టర్లు గెకోలకు రాసే టోబ్రామైసిన్ వంటి యాంటీబయాటిక్‌నే స్టెరాయిడ్‌తో కలిపి మరో సీసాగా అమ్ముతారు. రెండింటి పేర్లూ దగ్గరగా ఉంటాయి. ఎవరో ఒకరు టోబ్రామైసిన్ వాడమన్నారని మీ ఇంట్లో ఉన్న సీసా తీయకండి. ఆ సీసాలో ఇంకేం కలిసి ఉందో చదవండి, చదివాక కూడా డాక్టరును అడగనిదే వేయకండి.

6. సరీసృపాలు తెలిసిన డాక్టరు

కుక్కలు, పిల్లులను మాత్రమే చూసే పశువైద్యులందరికీ గెకో వైద్యం అలవాటు ఉండదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే బల్లులకు కంటి చికిత్స చేస్తారా అని అడగండి. సరీసృపాలు, ఉభయచరాల పశువైద్యుల సంఘం ఒకటి ఉంది, ఇంగ్లిష్‌లో దాన్ని ఏఆర్‌ఏవీ అంటారు. మీ ఊరికి దగ్గరలోని సభ్యులను దాని వెబ్‌సైటులో వెతుక్కోవచ్చు. గెకో ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆ డాక్టరు ఎవరో తెలుసుకుని ఉంచుకోవడం ఉత్తమం.

వెళ్లేటప్పుడు పెట్టె ఫొటో, ఉష్ణోగ్రతల వివరాలు, బరువుల పట్టిక, మీరు వాడే పొడుల డబ్బాలు పట్టుకెళ్లండి. ఏ పురుగులు, ఎన్నాళ్లకోసారి పెడతారో చెప్పండి. ఇంతకు ముందు కంట్లో ఏదైనా వేసి ఉంటే దాచకండి. తాజా మలం దొరికితే చిన్న డబ్బాలో తీసుకెళ్లండి. కంటితో పాటు తోక కూడా సన్నబడుతుంటే క్రిప్టోస్పొరిడియం వంటి పేగుల పరాన్నజీవి ఉందేమో పరీక్షించాలి.

డాక్టరు ఫ్లోరెసీన్ అనే నారింజ రంగు ద్రవం ఒక చుక్క వేసి నీలి వెలుగులో చూస్తారు. నల్లగుడ్డు మీద గీత ఉంటే అక్కడ ఆకుపచ్చగా మెరుస్తుంది. ఏ మందు వాడాలో, ఏది వాడకూడదో ఈ పరీక్షతో చాలావరకు తేలుతుంది.

రెప్ప కింద గట్టి ఉబ్బు ఉంటే అది చాలాసార్లు చీమే. సరీసృపాల చీము మనలో లాగా కారదు. దాన్ని కరిగించే ఎంజైములు వాటి తెల్ల రక్తకణాల్లో కొరవడతాయి కాబట్టి గట్టిపడి ముక్కగా పేరుకుంటుంది. పై నుంచి ఎన్ని చుక్కలు వేసినా ఆ ముక్క కరగదు. మత్తు ఇచ్చి, రెప్ప కింద కడిగి, దాన్ని బయటికి తీయవలసిందే. "మత్తా! ఇంత చిన్న ప్రాణికా!" అని వెనుకాడకండి. అలవాటున్న చేతుల్లో అది మామూలు పనే, పైగా కదిలే గెకో కంట్లో పనిచేయడం కన్నా ఎంతో భద్రం.

విటమిన్ ఎ గురించి కూడా మాట్లాడండి. అది తగ్గితే కంటి గ్రంథుల లోపలి మెత్తని పొర గరుకుబారి, రాలిన కణాలు రెప్పల కింద పేరుకుంటాయి. తడి చేరదు, క్రిములు చేరతాయి. లోపమని తేలితే డాక్టరు నోటి ద్వారానో సూది ద్వారానో ఇస్తారు. ఇంట్లో మీరే మోతాదు పెంచకండి. ఈ విటమిన్ ఎక్కువైతే చర్మం ఊడిపోయేంత విషమవుతుంది. మనుషులు మింగే విటమిన్ ఎ గొట్టం మాత్రలను చిదిమి పెట్టడం నేను గట్టిగా వద్దనే పనుల్లో ఒకటి.

7. మందు వేసే రోజులు, తిండి పెట్టే రోజులు

చెప్పిన వేళకు, చెప్పినన్ని రోజులు వేయండి. కన్ను తెరుచుకుంది కదా అని మధ్యలో మానవద్దు. రెండు రకాల చుక్కలు ఉంటే మధ్యలో ఐదు పది నిమిషాలు ఆగండి. చుక్కలు, ఆయింట్‌మెంట్ రెండూ ఉంటే చుక్కలు ముందు. మందు వేసిన వెంటనే తడి గూట్లోకి వదలకుండా కాసేపు పొడి కాగితం మీద ఉంచండి. రోజూ ఒకే వేళకు చేస్తే అది కాస్త అలవాటు పడుతుంది.

తిండి దగ్గరే చాలామంది ధైర్యం కోల్పోతారు. పెద్ద గెకో తోక లావుగా ఉంటే వారం రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. నీళ్లు మాత్రం ఆగకూడదు. ముక్కు కొన మీద ఒక చుక్క నీరు పెడితే నాకుతుంది. తర్వాత మెత్తని కొన ఉన్న పట్టకారుతో మీల్‌వార్మ్‌నో, చిన్న డూబియా బొద్దింకనో పట్టి పెదవి పక్కన మెల్లగా తాకించండి. చూపు లేకపోయినా వాసన, స్పర్శ పనిచేస్తాయి. పురుగు కొస కొంచెం చిదిమి ఆ రసం పెదవికి అద్దితే నాకి, ఆపై నోరు తెరుస్తుంది. తెరవకపోతే దవడ విప్పవద్దు, మర్నాడు చూడండి. కళ్ల మీదికి పురుగు తగలనివ్వకండి. రెండు రోజులకోసారి, అదే వేళకు, అదే తూకం మీద బరువు చూసి రాసుకోండి.

8. మళ్లీ రాకుండా

పురుగులకు పెట్టిన తిండే గెకోకు చేరుతుంది. వాటిని గెకోకు వేసే ముందు ఒకటి రెండు రోజులు క్యారెట్, చిలగడదుంప, ముదురు ఆకుకూరలు మేపండి. ఖాళీ కడుపు కీచురాయిలో పొట్టు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. దాదాపు ప్రతిసారీ కాల్షియం పొడి అద్దండి. విటమిన్ ఎ నేరుగా రెటినాల్ రూపంలో ఉన్న మల్టీవిటమిన్ పొడిని వారానికో రెండు వారాలకో ఒకసారి, డబ్బా మీద చెప్పిన లెక్కన వాడండి. చాలా పొడుల్లో బీటా కెరోటిన్ మాత్రమే ఉంటుంది, అది ఒంట్లో విటమిన్ ఎగా మారవలసిన పదార్థం, కొనే ముందు వెనక చీటీ చదవండి. తెరిచిన తేదీ డబ్బా మీద రాసి, ఆరు నెలలకు కొత్తది కొనండి, విటమిన్లు గాలికి, వెలుగుకు చచ్చిపోతాయి.

చర్మం పాలిపోయి తెల్లబడితే కుబుసం దగ్గరపడిందని గుర్తు. ఆ రోజుల్లో తడి గూడు ఆరకుండా చూడండి, చేతుల్లోకి తీసుకోకండి. కుబుసం విడిచిన మర్నాడు కళ్లు, వేళ్లు, తోక కొస పరీక్షించండి. అది తన కుబుసాన్ని తానే తినేస్తుంది కాబట్టి పెట్టెలో ఏమీ దొరకలేదని కంగారు పడవద్దు.

భారతదేశంలో ఉన్నవారికి ఒక మాట. లెపర్డ్ గెకో బంధువులు మన తూర్పు కనుమల్లోనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, ఒడిశాల నుంచి 2022లో యూబ్లిఫారిస్ పిక్టస్ అనే జాతిని శాస్త్రజ్ఞులు కొత్తగా వర్ణించారు. కంటికి దెబ్బ తగిలిన అడవి గెకో కనిపిస్తే ఇంటికి తెచ్చి పై వైద్యాలు చేయకండి. అటవీ శాఖకు చెప్పండి.

కొన్నిసార్లు కన్ను నిలవదు. లోపల అంతా చీము పట్టినప్పుడు, గుడ్డు పగిలినప్పుడు డాక్టరు దాన్ని తీసేయమంటారు. ఒప్పుకోవడానికి మనసు రాదు, కానీ నొప్పి పెట్టే కంటితో బతికించడం కన్నా అది దయ. ఒంటికన్ను గెకో తిని, తిరిగి, ఏళ్ల తరబడి బతుకుతుంది. మీరు కొన్ని అలవాట్లు మార్చుకోవాలి. కనిపించే వైపు నుంచే చేయి పెట్టండి. పురుగుల్ని పెట్టెలోకి వదలకుండా నునుపు అంచుల గిన్నెలో వేయండి లేదా పట్టకారుతో అందించండి. గూళ్లు, నీళ్ల గిన్నె ఉన్న చోటు మార్చకండి. నెలకోసారి తూచండి. మిగిలిన కన్నును ప్రతి కుబుసం తర్వాత పరీక్షించి, అనుమానం వస్తే ఈసారి 48 గంటలు కూడా ఆగకుండా డాక్టరుకు ఫోను చేయండి.